మ్యాన్‌పవర్ ఏజెన్సీ, హనుమకొండ: తారీకు పక్కా, లెక్కే మసక (5కు 3)

షోరూములకు, ఆస్పత్రులకు సెక్యూరిటీ గార్డులను, హౌస్‌కీపింగ్ వాళ్లను పంపే ఏజెన్సీ ఇది. జీతం నెల 7లోపు ఖాతాలో పడుతుంది, 7 ఆదివారమైతే ముందురోజే. కిరాయి, చిట్టీ, పిల్లల ఫీజు అన్నీ ఆ తారీకును చూసుకునే పెట్టుకుంటారు కాబట్టి పాత గార్డులు రాత్రి డ్యూటీ ఎగ్గొట్టరు.

చిక్కంతా మనిషిని చేర్చుకునేటప్పుడే. సూపర్‌వైజర్ ఫోన్‌లో "నెలకు పద్నాలుగు వేలు పడ్తయ్" అంటాడు. గ్రాసా (కోతలకు ముందు మొత్తమా), చేతికొచ్చేదా అన్నది చెప్పడు. ఆ మొత్తం మీద పీఎఫ్ 12 శాతం అంటే 1,680, ఈఎస్‌ఐ (వైద్య బీమా) 0.75 శాతం అంటే 105. అవి పోను పడేది 12,215. కోత చట్టప్రకారమే. కానీ ముందు చెప్పని ఆ 1,785 మాత్రం పనివాడి దృష్టిలో ఎవరో తిన్న సొమ్ము. మొదటి జీతం పడ్డ మర్నాడు కొత్తవాళ్లు కనబడరు. ఉన్నవాళ్లు చెప్పినంతే చేస్తారు: గేటు దగ్గర అడ్డంగా పెట్టిన బండిని జరపరు, మెట్ల మీద నీళ్లు కనిపించినా తుడవరు. చేర్చుకునే కాగితం మీద గ్రాస్, కోత, చేతికి అని మూడు వరుసలు తెలుగులో రాసిస్తే ఈ గొడవే ఉండదు.

ఈ ఏజెన్సీ మనుషుల్ని పెట్టుకునే యజమానులు చూసుకోవాల్సింది ఇంకోటి. బిల్లుతో పీఎఫ్ చలానా ఒక్కటే వస్తుంది, అందులో మొత్తమే తప్ప పేర్లుండవు. మీ దగ్గర పనిచేసేవాళ్ల యూఏఎన్‌లు (ఒక్కొక్కరి పీఎఫ్ నంబర్లు) ఉన్న ఈసీఆర్ (ఎవరి పేరున ఎంత కట్టారో చూపే నెలవారీ పట్టిక) కాపీ అడగండి. కట్టాల్సిన గడువు తర్వాతి నెల 15. ఏజెన్సీ ఎగ్గొడితే బాధ్యత మీ మెడకే చుట్టుకుంటుంది. ఈఎస్‌ఐ నంబరు కూడా ఆలస్యంగా ఇస్తారు. జ్వరమొచ్చినోడు డిస్పెన్సరీ దాకా పోయి ఉత్తచేతులతో తిరిగొస్తాడు.

ఓటీకి (అదనపు గంటల పనికి) రెట్టింపు రేటు ఇవ్వాలి. ఇక్కడ "తర్వాత సర్దుతం" అంటారు, రిజిస్టర్‌లో గంటలే ఎక్కవు.

అన్నిటికంటే అధ్వానం మేడారం సెలవు. చేరేటప్పుడు ఇస్తామంటారు, జాతర దగ్గర పడ్డాక మనుషుల్లేరంటారు. సమ్మక్క మొక్కు ఆగదు కదా, చెప్పకుండానే పోతారు, గేటు ఖాళీ. జాతర రెండేళ్లకోసారి, నాలుగు రోజులు. నెల ముందే సగం మందిని మొదటి రెండు రోజులకు, సగం మందిని చివరి రెండు రోజులకు పేర్లతో రాసి నోటీసు బోర్డు మీద అంటించమని ఒప్పందంలోనే పెట్టించుకోండి.