3600 ర్యామ్ అని ఎక్కువ డబ్బు కట్టే ముందు బోర్డు పేరు చూడండి: శ్రీకాకుళం, విజయనగరం కొనుగోలుదారులకు జాగ్రత్త

విజయనగరం, శ్రీకాకుళంలో కొత్తగా డెస్క్‌టాప్ కట్టించుకుంటున్నవాళ్లు, పాత సిస్టమ్‌కి ర్యామ్ పెంచుకుంటున్నవాళ్లు ఇది చదివాకే అడ్వాన్సు ఇవ్వండి. కొటేషన్‌లో "16 జీబీ డీడీఆర్4 3600, ఆర్‌జీబీ" అని రాసి (డీడీఆర్4 అంటే ర్యామ్ తరం, 3600 దాని వేగం, ఆర్‌జీబీ అంటే రంగు లైట్లు), మామూలు 3200 ర్యామ్ కన్నా వెయ్యో రెండు వేలో ఎక్కువ వేస్తున్నారు. అదే కాగితంలో రెండు లైన్ల పైన బోర్డు (మదర్‌బోర్డు) హెచ్610 అని ఉంటోంది. ఈ రెండూ ఒకే బిల్లులో కనిపిస్తే ఆ పైడబ్బు మీకు ఎందుకూ కొరగాదు.

విజయనగరంలో కట్టించిన ఒక సిస్టమ్ సంగతి చూడండి. పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసుకోడానికి కొన్నది. ప్రాసెసర్ ఐ5 12400, బోర్డు హెచ్610, ర్యామ్ 16 జీబీ ఒకటే స్టిక్. దాని మీద రంగురంగుల లైట్లు, స్టిక్కర్ మీద 3600 అంకె. "ఇది ఫుల్ స్పీడు బావూ, అయిదేళ్ల దాకా చూసుకోనక్కర్లేదు" అని చెప్పి అమ్మారు. ఇంటికి తెచ్చాక ఫొటోషాప్‌లో పెద్ద ఫైలు తెరిస్తే నత్తనడక. టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కితే, కింద స్పీడ్ 2400 అని ఉంది. ఆ పక్కనే స్లాట్స్ యూజ్డ్ దగ్గర 2లో 1.

ర్యామ్ నకిలీది కాదు, పాడైందీ కాదు. 3600 అనేది ఆ స్టిక్ సొంత వేగం కాదు, అంతే. ప్రతి మాడ్యూల్‌లో ఎస్‌పీడీ అనే చిన్న చిప్ ఉంటుంది. బోర్డు ఆన్ అవగానే అందులో రాసి ఉన్న జెడెక్ (మెమరీ ప్రమాణాలు ఖరారు చేసే సంస్థ) ప్రమాణాల వేగాన్ని చదువుకుని దానితోనే మొదలవుతుంది. 3600 అని అమ్మే స్టిక్‌లు చాలావాటిలో ఆ ప్రమాణ వేగం 2133, 2400, 2666లలో ఏదో ఒకటి. 3600 అన్నది విడిగా ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్‌లో (ఎక్కువ వేగానికి తయారీదారు ముందే రాసిపెట్టిన సెట్టింగుల్లో), 1.35 వోల్టుల దగ్గర రాసి ఉంటుంది. బయోస్‌లోకి (విండోస్ రాకముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లోకి) వెళ్లి ఎవరో ఒకరు దాన్ని ఆన్ చేయాలి. చేసినా, హెచ్610లో మెమరీ ఓవర్‌క్లాకింగ్ (ప్రమాణ వేగం దాటించి నడపడం) లేదు కాబట్టి డీడీఆర్4 3200 దాటదు. అదే స్థానంలో లైట్లు లేని, 1.2 వోల్టుల మామూలు 3200 సీఎల్22 (సీఎల్ అంటే డేటా ఇవ్వడానికి ముందు ర్యామ్ ఆగే క్లాకుల లెక్క) స్టిక్ పెట్టి ఉంటే ఏ సెట్టింగూ ముట్టుకోకుండానే 3200 వచ్చేది. అంటే తక్కువ ధర స్టిక్ వేగంగా, ఎక్కువ ధర స్టిక్ నెమ్మదిగా నడిచే పరిస్థితి. ఈ ముక్క కౌంటర్ దగ్గర ఎవరూ చెప్పరు.

లెక్క కట్టి చూస్తే నష్టం ఇంకా బాగా కనిపిస్తుంది. ఒక్కో చానల్ (ప్రాసెసర్‌కీ ర్యామ్‌కీ మధ్య దారి) ఒకసారికి 8 బైట్లు మోస్తుంది. 2400 వేగంతో ఒకే స్టిక్ అంటే సెకనుకు 19.2 జీబీ. రెండు 8 జీబీ స్టిక్‌లు 3200 దగ్గర డ్యుయల్ చానల్‌లో, అంటే రెండు దారుల్లో ఒకేసారి, నడిస్తే 51.2 జీబీ. అదే 16 జీబీ, అదే బోర్డు. 3600 అంకె మీద పెట్టిన డబ్బు రెండో స్టిక్ మీద పెడితే దారి రెండున్నర రెట్లు వెడల్పయ్యేది. ప్రతి పనీ రెండున్నర రెట్లు వేగంగా అయిపోతుందని కాదు. మామూలు ఆఫీసు పనిలో ప్రాసెసర్ లోపలి క్యాషే (దానిలోని చిన్న, వేగమైన మెమరీ) చాలా భారం మోస్తుంది, తేడా చేతికి తెలియదు. కానీ డబ్బు ఎటు పెడితే ఫలితం ఉంటుందో ఈ అంకెలు చెబుతాయి.

ఏ బోర్డులు ఇలా ఆపేస్తాయో గుర్తుపెట్టుకోండి. ఇంటెల్ వైపు హెచ్410, బీ460, హెచ్510, హెచ్610లో మెమరీ ఓవర్‌క్లాకింగ్ లేదు. బీ560, బీ660, బీ760, జెడ్ రకాల్లో ఉంది. పాత ప్రాసెసర్ అయితే గేటు ఇంకా కిందే ఉంటుంది: ఐ3 10100, ఐ5 10400 లాంటివి హెచ్410, హెచ్510 మీద 2666 దాటవు. వాటికి 3200 స్టిక్ పెట్టినా 2666లోనే నడుస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో ఇవే ఎక్కువ తిరుగుతున్నాయి కాబట్టి మరీ చూసుకోండి. ఏఎండీ వైపు బీ450, ఏ520, బీ550 బోర్డులు మెమరీ వేగం పెంచుకోనిస్తాయి. ఎక్స్‌ఎంపీనే కొన్ని ఆసుస్ ఏఎండీ బోర్డుల్లో డీఓసీపీ అంటారు. డీడీఆర్5లో ఏఎండీ సొంత ప్రొఫైల్ పేరు ఎక్స్‌పో. ల్యాప్‌టాప్‌ల్లో చాలావరకు ఎక్స్‌ఎంపీ ఆప్షనే ఉండదు. 4800 దాకా పనిచేసే ల్యాప్‌టాప్‌కి 5600 స్టిక్ వేయిస్తే 4800లోనే నడుస్తుంది.

రెండో మోసం సీఎల్ అంకెలో ఉంది. వేగం పెద్ద అక్షరాల్లో, సీఎల్ చిన్న అక్షరాల్లో ఉంటుంది. సీఎల్ అంకెను 2000తో గుణించి వేగంతో భాగించండి, ఎన్ని నానోసెకన్లు ఆగాలో వస్తుంది. 3200 సీఎల్16 అంటే 10. 3600 సీఎల్18 అన్నా అదే 10. 3200 సీఎల్22 అయితే 13.75. డీడీఆర్5లో 6000 సీఎల్30 మళ్లీ 10, 6000 సీఎల్40 మాత్రం 13.3. కాబట్టి "6000" అని మాత్రమే రాసి సీఎల్ రాయని కొటేషన్‌ని ఒప్పుకోవద్దు. రెండింటి మధ్య ధరలో తేడా ఉంటుంది. రాయకపోతే చేతికొచ్చేది చవకదే.

మరి ఎక్కువ వేగానికి డబ్బు పెట్టడం ఎప్పుడూ దండగేనా? కాదు. రైజెన్ 5 5600జీ లాంటి, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని సిస్టమ్‌కి ఖచ్చితంగా పనికొస్తుంది. ఆ ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ లేదు, మీ ర్యామ్‌నే వాడుకుంటుంది. అక్కడ ఒకే స్టిక్ పెట్టడం అన్యాయం. రెండు స్టిక్‌లు, 3200 సీఎల్16 లేదా 3600 సీఎల్18 అయితే ఆటల్లో తేడా కళ్లకు కనిపిస్తుంది. రైజెన్ 7000 వరసకు 6000 సీఎల్30 మంచి జోడీ, మామూలు దానికన్నా ధర కొంచెమే ఎక్కువైతే తీసుకోవచ్చు. 6000 దాటి 7200, 7600 అని చెప్పేవాటికి ఆ ప్రాసెసర్ మీద డబ్బు పోయొద్దు. పేరు చివర ఎక్స్3డీ ఉన్న ప్రాసెసర్లలో క్యాషే చాలా పెద్దది కాబట్టి ర్యామ్ వేగం ప్రభావం ఇంకా తక్కువ. పెద్ద గ్రాఫిక్స్ కార్డు పెట్టి 1080పీలో ఎక్కువ ఫ్రేములు కోరుకునేవాళ్లకి కొంత లాభం ఉంది. ఆన్‌లైన్ సెంటరు, టాలీ, డీటీపీ, కాలేజీ కోడింగ్ పనులకైతే లేదు.

ఆల్బమ్ డిజైన్, వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకి ముందు కావాల్సింది జీబీలు. 16 జీబీ నిండిపోతే విండోస్ మిగతాది ఎస్‌ఎస్‌డీ మీదకి నెడుతుంది. సాటా ఎస్‌ఎస్‌డీ సెకనుకు 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. ర్యామ్‌లో 25,000 ఎంబీల మీద పరుగెత్తే పని ఒక్కసారిగా అక్కడ పడుతుంది. ఆ దశలో మీ ర్యామ్ 3200 అయినా 3600 అయినా ఒరిగేదేమీ లేదు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు ఎలా పెరిగాయో అందరూ చూస్తున్నారు. ఇలాంటప్పుడు ప్రతి వెయ్యీ ముందు జీబీలకు, తర్వాత రెండో స్టిక్‌కి, ఆ తర్వాతే వేగానికి వెళ్లాలి.

డబ్బు చెల్లించే ముందు దుకాణంలోనే పదిహేను నిమిషాలు కూర్చుని ఇవి చేయించండి. సిస్టమ్ ఆన్ చేసి డిలీట్ లేదా ఎఫ్2 నొక్కి బయోస్‌లోకి వెళ్లాలి. ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో ఆన్ చేసి సేవ్ చేయాలి. నాలుగు స్లాట్ల బోర్డు అయితే రెండు స్టిక్‌లు ప్రాసెసర్ పక్కనుంచి లెక్కపెట్టి 2వ, 4వ స్లాట్లలో ఉండాలి. 1, 2లలో గుచ్చేస్తే చాలా బోర్డుల్లో సింగిల్ చానలే అవుతుంది, ఈ పొరపాటు ఇక్కడ బాగా జరుగుతోంది. విండోస్ వచ్చాక టాస్క్ మేనేజర్‌లో స్పీడ్ చూడండి. తర్వాత సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో మెమరీ ట్యాబ్ చూడండి. అందులో 3200 ర్యామ్ 1600 అని కనిపిస్తుంది. అది సరైనదే, ఒక్కో క్లాక్‌కి రెండుసార్లు డేటా పంపుతుంది కాబట్టి రెట్టింపు చేసుకోవాలి. దానికి దుకాణదారుతో గొడవ పడొద్దు. ఎస్‌పీడీ ట్యాబ్‌లో తయారీ సంస్థ, పార్ట్ నంబరు ఉంటాయి, అవి స్టిక్కర్‌తో కలవాలి. ఎక్స్‌ఎంపీ అని చెప్పి అమ్మిన స్టిక్‌కి అక్కడ ఎక్స్‌ఎంపీ కాలమే లేకపోతే ఆ స్టిక్ తిప్పి ఇచ్చేయండి.

డీడీఆర్5 అయితే మొదటిసారి, ప్రొఫైల్ మార్చిన ప్రతిసారీ, స్క్రీన్ నల్లగా ఉండిపోతుంది. బోర్డు మెమరీని సరిచూసుకుంటున్న సమయం అది. కొన్ని నిమిషాలు పట్టొచ్చు. చెడిపోయిందనుకుని మధ్యలో పవర్ తీసేస్తే పని మళ్లీ మొదటికొస్తుంది. ఇంకో సంగతి, రైజెన్ 7000లో రెండు స్టిక్‌లకు అధికారిక వేగం 5200 దాకా ఉంటే, నాలుగు స్టిక్‌లు పెడితే 3600కి పడిపోతుంది. "ఇప్పుడు రెండు పెట్టుకోండి, తర్వాత ఇంకో రెండు వేద్దాం" అనే మాట డీడీఆర్5కి నమ్మొద్దు. 32 జీబీ కావాలంటే ఒకే ప్యాకెట్‌లో రెండు 16లు తీసుకోండి. వేరువేరుగా కొన్న స్టిక్‌లు కలిపితే రెండూ నెమ్మదిదాని వేగంతోనే నడుస్తాయి, కొన్నిసార్లు ఎక్స్‌ఎంపీ అసలు నిలవదు.

నిలవకపోతే ఎలా తెలుస్తుంది? మెమరీ మేనేజ్‌మెంట్ అనే మాటతో నీలం స్క్రీన్, కారణం లేకుండా మూసుకుపోయే ప్రోగ్రాములు, జిప్ ఫైలు విప్పుతుంటే తప్పులు. అన్నిటికన్నా ప్రమాదం, సేవ్ చేసిన ఫైలు మళ్లీ తెరుచుకోకపోవడం. పెళ్లి ఫొటోలు పోతే తిరిగి తీయలేం. మెమ్‌టెస్ట్86ని పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రంతా నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఒప్పుకోవద్దు. ముందు ఎక్స్‌ఎంపీ ఆపి మళ్లీ నడపండి. అప్పుడు శుభ్రంగా వస్తే ఆ వేగాన్ని మీ సిస్టమ్ మోయలేకపోతోందని అర్థం, ఒక మెట్టు తగ్గించుకోవాలి. అప్పుడూ ఎర్రర్లు వస్తే స్టిక్‌లు ఒక్కోటీ విడిగా పెట్టి నడిపి చూడండి, ఏది చెడిందో బయటపడుతుంది. ఎక్స్‌ఎంపీని ఇంటెల్, ఏఎండీ రెండూ ఓవర్‌క్లాకింగ్ కిందే లెక్కేస్తాయి, గుర్తుంచుకోండి.

మన జిల్లాల్లో తుఫాను రోజుల్లో కరెంటు గంటలకొద్దీ పోతుంది. బోర్డు మీద ఉన్న సీఆర్2032 బటన్ సెల్ అయిపోయి ఉంటే అలాంటి రోజు తర్వాత బయోస్ మొదటి సెట్టింగులకు వెళ్లిపోతుంది, దాంతో ఎక్స్‌ఎంపీ కూడా ఆగిపోతుంది. గడియారం తప్పు చూపిస్తుంటే అదే గుర్తు. సెల్ మార్చి ప్రొఫైల్ మళ్లీ ఆన్ చేస్తే సరిపోతుంది, సర్వీసు పేరుతో వందలు వసూలు చేయనివ్వకండి.

బిల్లు విషయంలో గట్టిగా ఉండండి. 18 శాతం జీఎస్టీతో పక్కా బిల్లు, అందులో ర్యామ్ పూర్తి పార్ట్ నంబరు, ఒక స్టిక్కా రెండా, వేగం, సీఎల్, సీరియల్ నంబరు ఉండాలి. "16 జీబీ ర్యామ్ – 1" అని రాసిన తెల్లకాగితంతో వారంటీ రాదు. విశాఖ నుంచి తెప్పించాం, అక్కడే మార్చుకోండి అంటే శ్రీకాకుళంవాళ్లకి వంద కిలోమీటర్ల పైన ప్రయాణం. రీప్లేస్‌మెంట్ ఎవరి బాధ్యతో బిల్లు మీదే రాయించుకోండి. స్టిక్ మీది స్టిక్కర్ చింపొద్దు, చాలా కంపెనీలు అది లేకపోతే వారంటీ ఇవ్వవు.

ఇప్పటికే మోసపోయినవాళ్లు ముందు కొటేషన్, బిల్లు, టాస్క్ మేనేజర్ స్క్రీన్, బోర్డు మోడల్ కనిపించేలా ఫొటోలు తీసుకుని దుకాణంలో రాతపూర్వకంగా అడగండి. 3600 అని అమ్మి, అది నడవని బోర్డు వాళ్లే పెట్టారు కాబట్టి, స్టిక్ మార్చి రెండు 8 జీబీలు ఇమ్మనడం న్యాయమైన కోరికే. ఒప్పుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. తర్వాతి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్, శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ ఉంది. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫిర్యాదు ఫీజు లేదు, గడువు రెండేళ్లు. ఫొటోలు మాత్రం స్టిక్ మార్చక ముందే తీసుకోండి.