టైప్ 96 తర్వాత జపాన్‌కు ఏది మేలు: మిత్సుబిషి బండా, ఫిన్లాండ్ బండా?

ట్యాంకులను కూడా సొంతంగా తయారుచేసుకునే జపాన్, సైనికులను మోసే ఎనిమిది చక్రాల కవచ వాహనం కోసం ఫిన్లాండ్ దగ్గరకు ఎందుకు వెళ్లింది? స్వదేశీ కంపెనీ మిత్సుబిషి చేసిన ఎంఏవీ అనే బండి సరిపోదా? సైన్యం వాడుతూ వచ్చిన పాత కవచ వాహనం టైప్ 96కే మెరుగులు దిద్దుకోవచ్చు కదా? ఈ ప్రశ్నలు చాలామంది అడుగుతున్నారు. నా దృష్టిలో వీటన్నిటినీ తేల్చేది ఒక్కటే: ఆ బండి మీద ఇంకా ఎంత బరువు వేయొచ్చు?

ముందు టైప్ 96. జపాన్ కంపెనీ కొమట్సు తయారీ. బరువు 14.5 టన్నులు, ఇంజిన్ 360 హార్స్‌పవర్, రోడ్డు మీద గంటకు 100 కిలోమీటర్లు పోతుంది. ఇద్దరు సిబ్బంది, వెనక ఎనిమిది మంది. వెడల్పు 2.48 మీటర్లే. జపాన్ రోడ్ల మీద మామూలు వాహనాలకు వెడల్పు పరిమితి 2.5 మీటర్లు కాబట్టి ఇది లారీలాగే తిరగగలదు. స్వదేశంలోనే ఉండాల్సిన సైన్యానికి అది తెలివైన లెక్కే.

కానీ 2004లో ఇరాక్‌లోని సమావాకు పంపేటప్పుడు దీనికి అదనపు కవచం తగిలించాల్సి వచ్చింది. మందుపాతర కింద పేలితే వెనక కూర్చున్నవాళ్లు బతకాలంటే అడుగుభాగం బలంగా ఉండాలి, నేలకు ఎత్తుగా ఉండాలి, సీట్లు ఆ అదురును తమలోకి తీసుకోవాలి. ఇవన్నీ బరువే. రేడియోలు, కెమెరాలు, పైనుంచి వచ్చే డ్రోన్లకు రక్షణ... ఒక బండి సర్వీసులో ఉండే ముప్ఫై ఏళ్లలో ఈ బరువు పెరుగుతుందే తప్ప తగ్గదు. 14.5 టన్నుల బండికి ఎంతని తగిలిస్తాం?

కొమట్సు కొత్త బండి కూడా చేసింది. 2017 జనవరిలో నమూనా అప్పగించింది. కవచపు పలకల బలం ఒకే తీరుగా లేదని తేలి, 2018లో ఆ పథకమే ఆగిపోయింది.

తర్వాత అసలు పోటీ ఎంఏవీకి, ఫిన్లాండ్ కంపెనీ పాట్రియా తయారుచేసే ఏఎంవీకి మధ్య. ఎంఏవీ వైపు గట్టి వాదనే ఉంది. 105 ఎంఎం తుపాకీ ఉన్న చక్రాల యుద్ధ వాహనం టైప్ 16 కూడా మిత్సుబిషిదే, ఎంఏవీ దానికి దగ్గరి చుట్టం. విడిభాగాలు, మెకానిక్‌ల శిక్షణ కలిసొస్తాయి. 30 ఎంఎం తుపాకీతో వచ్చిన మరో చక్రాల యుద్ధ వాహనం టైప్ 24కు జపాన్ మిత్సుబిషినే నమ్ముకుంది. నేనూ చాలాకాలం ఇటే మొగ్గాను.

మనసు మార్చుకున్నది పోలండ్ అనుభవం చూశాక. అక్కడ ఏఎంవీని రోసొమాక్ అంటారు. 2007 నుంచి అఫ్గానిస్తాన్‌లో దాన్ని వాడారు. అదనపు కవచం తగిలించారు, ఆ బరువుకు నీళ్లలో ఈదే శక్తి పోయింది, అయినా బండి పని ఆగలేదు. జపాన్ తీసుకున్నది ఏఎంవీలో మెరుగైన రకం ఎక్స్‌పీ, బండి సొంత బరువుతో కలిపి మొత్తం 32 టన్నుల దాకా ఉండొచ్చు. అందులో దాదాపు 15 టన్నులు మనం వేసుకునే బరువే, అంటే ఒక టైప్ 96 మొత్తం బరువుకు సమానం. యుద్ధంలో అదనపు బరువుతో తిరిగిన అనుభవం ఎంఏవీకి లేదు. 2022 డిసెంబరులో జపాన్ ఏఎంవీనే ఎంచుకుంది. నాకది సరైన నిర్ణయమే అనిపిస్తుంది.

విదేశీ బండి అయితే రేపు విడిభాగాలకు టెన్షన్ కాదా అంటారు. తయారీ లైసెన్సు జపాన్ స్టీల్ వర్క్స్‌కు వచ్చింది. ట్యాంకు తుపాకులు తయారుచేసే కంపెనీ అది. మన మెదక్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో రష్యా డిజైన్ కవచ వాహనం బీఎంపీ-2 ‘శరత్’గా తయారై మన సైన్యానికి అందలేదా? డిజైన్ బయటిదైనా తయారీ చెయ్యి మనదైతే భయం సగం పోతుంది.

కెనడా కవచ వాహనం ఎల్ఏవీ 6.0 కూడా పోటీ జాబితాలో ఉంది కానీ, పరీక్షకు నమూనా సమయానికి రాలేదు. దాని గురించి ఇంతే.

ఏఎంవీతో నాకున్న బెంగ వెడల్పు గురించే. 2.8 మీటర్లు. దక్షిణ దీవుల ఇరుకు రోడ్లలో, పల్లె సందుల్లో అది ఇబ్బందే. మందుపాతర భయం తక్కువగా ఉండి, త్వరగా సైనికులను దించాల్సిన అలాంటి చోట్ల ఇంకొన్నేళ్లు టైప్ 96నే ఉంచాలంటాను.