పాత ద్వారబంధాల కొట్టు: గిటార్ చేసుకునేవారికి ఎంతవరకు పనికొస్తుంది?

విజయవాడ ఆటోనగర్ వైపున్న ఈ పాత కలప కొట్టుకు ఎక్కువగా వచ్చేది ఇల్లు కట్టుకునేవారూ వడ్రంగులే అయినా, పాత సామానుతో గిటార్లు చేసుకోవడం నాకు సరదా కనుక, ఆ అవసరం వరకే ఈ సమీక్ష రాస్తున్నాను. గవర్నరుపేట, సూర్యారావుపేటల్లో పాత డాబాలు పడగొట్టినప్పుడు వచ్చిన ద్వారబంధాలు, దూలాలు, తలుపు రెక్కలు ఇక్కడ గోడకు ఆనించి ఉంటాయి.

గిటార్ మెడకు చెక్క బాగా ఆరి ఉండటమే ముఖ్యం. సన్న తీగల సెట్టు బిగించి శ్రుతి చేసినా మెడ మీద సుమారు 45 కిలోల లాగుడు పడుతుంది. పచ్చి చెక్క అయితే నెలల్లోనే వంగిపోతుంది. బెజవాడ ఎండలకూ వానాకాలపు తేమకూ ఏళ్ల తరబడి ఓర్చిన టేకులో ఆ భయం తక్కువ. ద్వారబంధపు నిలువు చెక్కలో ముడులు లేకుండా, రేఖలు కొస దాకా తిన్నగా సాగిన చేవ ముక్క రెండున్నర అడుగులు దొరికితే చాలు. కోసిన కొసను తడిగుడ్డతో తుడిస్తే రేఖలు తేటగా కనబడతాయి. యజమాని దానికి విసుక్కోరు సరికదా, కావాలంటే కుప్పంతా పనివాళ్లచేత తిరగేయించి చూపిస్తారు.

కోత పని మాత్రం నాకు నచ్చలేదు. 25 మిల్లీమీటర్లకు కోయమన్న ముక్క ఒక కొసన 22కు దిగిపోయింది. చూపిస్తే "చిత్రిక పట్టుకోండి సార్, సరిపోతుంది" అన్నారే తప్ప మార్చి ఇవ్వలేదు. కిటికీకైతే ఆ తేడా లెక్కలోకి రాదు గానీ, ఫ్రెట్లు (మెడకు అడ్డంగా దిగేసే సన్నటి లోహపు బద్దలు) దిగే చోట చదును లేకపోతే తీగ గరగరలాడుతుంది. కాబట్టి మందం కాస్త ఎక్కువే అడగడం మేలు.

మేకులు ఎక్కడ దాగాయో అయస్కాంతంతో వెతికాకే రంపం పెట్టించాలి. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కనుక మాస్కు లేకుండా గీకకూడదు. టేకు సహజంగా నూనె గల చెక్క కావడంతో అతికించే ముందు అసిటోన్‌తో తుడవకపోతే జిగురు పట్టు నిలవదు. మేకుల రంధ్రాలకు బెంగపడనక్కర లేదు: క్వీన్ అనే రాక్ బృందపు గిటారిస్టు బ్రయాన్ మే తండ్రితో కలిసి 1963లో గిటార్ తయారీ మొదలుపెట్టినప్పుడు, మెడకు వాడిన పాత చలిమంట గూటి చెక్కలోని పురుగు రంధ్రాలను అగ్గిపుల్లలతోనే పూడ్చాడు.

కొట్టు వెనక తూకానికి అమ్మే ముక్కల్లో ఒక్కోసారి ఇరుగుడు పందిరిమంచం పట్టెలు కనబడతాయి. మెడ మీద అతికించే 22 ఫ్రెట్ల పలకకు 19 అంగుళాలు సరిపోతుంది కనుక ఒక్క పట్టెలోనే రెండు మూడు పలకలు వస్తాయి. అవి ముందు వరుసలో పెట్టరు, అడిగితేనే చూపిస్తారు.