వెట్ స్కూలుకు ముందు యానిమల్ సైన్స్: నాలుగేళ్ళు చదివాక

మా పెదనాన్నగారి అబ్బాయి ఇంటర్ బైపీసీ కాగానే గన్నవరంలో బీవీఎస్సీలో, అంటే పశువైద్య డిగ్రీలో చేరాడు. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ళలో డాక్టరైపోయాడు. నేను అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో నాలుగేళ్ళు యానిమల్ సైన్స్ (పశువుల పెంపకం, పోషణ గురించిన డిగ్రీ) చదివి, ఇప్పుడు వెట్ స్కూల్లో డీవీఎం (ఇక్కడి పశువైద్య డిగ్రీ) మొదటి ఏడాదిలో ఉన్నాను. అది మరో నాలుగేళ్ళు. "మరి ఇన్నాళ్ళూ ఏం చదివినట్టే?" అంటుంది నాయనమ్మ.

నిజానికి ఇక్కడ వెట్ స్కూలుకు యానిమల్ సైన్స్ డిగ్రీయే ఉండాలని రూలేం లేదు. ఆర్గానిక్ కెమిస్ట్రీ, బయోకెమిస్ట్రీ, ఫిజిక్స్, స్టాటిస్టిక్స్ లాంటి కోర్సులు అడుగుతారు, ఒక్కో కాలేజీది ఒక్కో జాబితా. మా డిగ్రీలో వెట్ స్కూలుకు సిద్ధం చేసే ప్రీవెట్ ఆప్షన్ తీసుకుంటే ఇవి చాలావరకు అందులోనే వచ్చేస్తాయి. నేను చూసుకోకుండా పాలు, మాంసం ఉత్పత్తి వైపు ఉండే ప్రొడక్షన్ ఆప్షన్‌లో చేరాను. అడ్వైజర్ కూడా చెప్పలేదు. తర్వాత రెండు వేసవులు విడిగా ఫీజు కట్టి ఆ కోర్సులు చేశాను.

అసలు చదువంతా కొట్టంలోనే. పక్కటెముకల వెనక పొట్టలోకి రంధ్రం చేసి, దానికి రబ్బరు మూత బిగించిన ఆవు ఉండేది. మూత తీసి భుజం దాకా చెయ్యి పెట్టి నెమరు పొట్ట తడిమాం. పైన గ్యాసు, దాని కింద చాపలా తేలే గడ్డి, అడుగున నీళ్ళు. పొడుగు గ్లవుజు వేసుకున్నా ఆ పులిసిన వాసన రెండు రోజులు వదల్లేదు, అన్నం స్పూనుతోనే తిన్నాను. ఇప్పుడు క్లాసులో కడుపుబ్బరం గురించి చెబుతుంటే పక్కవాళ్ళు బొమ్మ చూసి తికమకపడతారు, నాకు ఆ చెయ్యి గుర్తొస్తుంది. పాడి ఆవు ఒంటి పుష్టికి 1 నుంచి 5 దాకా మార్కులు వేయడం, దాణా లెక్కకట్టడం, పంది 114 రోజులకు ఈనుతుందని గుర్తుపెట్టుకుని తెల్లవార్లూ కాపు కాయడం కూడా అక్కడే వచ్చాయి. (మాంసం గ్రేడింగ్ ల్యాబు సంగతి అమ్మకు ఇప్పటికీ చెప్పలేదు.)

నచ్చనిది ఏంటంటే, ఇందులో వైద్యం దాదాపు లేదు. ఆవంటే లీటర్లు, పందంటే కిలోలు. కుక్కలు, పిల్లుల గురించి ఒకే ఒక్క కోర్సు.

నన్ను దెబ్బతీసింది మాత్రం గంటల లెక్క. కొట్టంలో పాలు పితికిన గంటలు వెట్ స్కూలు దరఖాస్తులో జంతు అనుభవం కిందికే వస్తాయి. వైద్య అనుభవం గడి వేరు, అది వెటర్నరీ డాక్టరు దగ్గర చేసిన పనికే. నాకు ఆ గడిలో రాయడానికి పెద్దగా ఏమీ లేదు. మొదటిసారి సీటు రాలేదు. ఏడాది క్లినిక్‌లో పనిచేసి మళ్ళీ పెట్టాను, వచ్చింది.

కుక్కలు, పిల్లులే చూస్తాననుకునేవాళ్ళు బయాలజీ చదువుకున్నా నష్టం లేదు. పెద్ద పశువులంటే ఇష్టమైతే ఇదే తీసుకోండి. బూట్లు మాత్రం లోపల ఉన్ని ఉన్నవి కొనండి, జనవరిలో తెల్లవారుజామున నాలుగింటికి పాలు పితికే షిఫ్టు పడుతుంది.