సీతాఫలం పిజ్జా, మా ఇంటి 19 లీటర్ల ఓవెన్

నిరుడు దసరా సెలవులకు హైదరాబాద్ నుంచి వచ్చిన మా బిడ్డ, పండ్లు వేసిన తీపి పిజ్జా ఇంట్లోనే చేద్దామని పట్టుబట్టింది. ఆ వంకతో మహబూబ్‌నగర్‌లోనే ఒక దుకాణంలో 19 లీటర్ల ఓటీజీ, అంటే కరెంటు ఓవెన్, కొన్నాం. 4,800 రూపాయలు పడింది. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ముందు దాన్ని తిట్టాలి.

వేడి గుండీ 200 డిగ్రీల మీద పెడితే లోపల 200 ఉండదు. మొదటిసారి పెట్టిన పిజ్జా రొట్టె వెనక సగం బొగ్గయింది, ముందు సగం పచ్చిగానే ఉంది. దుకాణానికి ఫోన్ చేస్తే "కొత్త మిషన్ కదా మేడమ్, నాలుగుసార్లు వాడితే సెట్ అయితది" అన్నాడు. పదిసార్లు వాడినా కాలేదు. చివరికి 350 రూపాయలు పెట్టి ఓవెన్ థర్మామీటర్ తెప్పించి లోపల వేలాడదీస్తే, గుండీ 200 మీద ఉన్నా 235 చూపించింది. అప్పటినుంచి 220 కావాలంటే గుండీ 185 దగ్గరే ఆపుతున్నాను. ఐదు నిమిషాలకోసారి వెనకది ముందుకు తిప్పుతాను.

రెండోసారి చెడింది మాత్రం నా వల్లే. అది సీతాఫలాల కాలం. జడ్చర్ల దాటి షాద్‌నగర్ వైపు పోతుంటే బాలానగర్ దగ్గర హైవే పక్కన గంపలు పెట్టుకుని అమ్ముతుంటారు. సీతాఫలంలో ఒక రకానికి ఆ ఊరి పేరే ఉంది. అలా తెచ్చిన పండ్ల గుజ్జు పచ్చి రొట్టె మీద పరిచి ఓవెన్‌లో పెట్టాను. సీతాఫలం గుజ్జుకు బాగా వేడి తగిలితే చేదెక్కుతుందని నాకు తెలియదు. ఒక్క ముక్క నోట్లో పెట్టుకున్న మా అత్తమ్మ "వేపాకు ఏసినవా ఏంది?" అన్నది.

ఇప్పుడైతే రొట్టె ఒక్కటే కాలుస్తాను. రెండు కప్పుల మైదా, చెంచాడు ఇన్‌స్టంట్ ఈస్ట్, రెండేసి చెంచాల చక్కెర, నూనె, కాస్త ఉప్పు. ముప్పావు కప్పు గోరువెచ్చని నీళ్లతో కలపాలి. వేలు పెడితే చురుక్కుమనే నీళ్లు పోస్తే ఈస్ట్ చస్తుంది. పిండి మొదట చేతికి అంటుకుంటుంది, అప్పుడే ఇంకా మైదా చల్లేయొద్దు. పది నిమిషాలు మడిచి ఒత్తితే లాగినా తెగకుండా సాగుతుంది. మూతపెడితే గంటకు రెట్టింపవుతుంది, ఎండాకాలం మా పాలమూరులో ముప్పావు గంట చాలు.

ఓవెన్‌తో ఇచ్చిన అల్యూమినియం ట్రే మరీ పల్చన, అడుగు మెత్తగా వస్తుంది. దాన్ని అటక మీద పడేశాను. జొన్నరొట్టెలు కాల్చే ఇనుప పెంకలో చిన్నదాన్ని లోపల పెట్టి ఇరవై నిమిషాలు కాగనిస్తాను. రొట్టెను ఫోర్క్‌తో అంతటా పొడవాలి, లేకపోతే పూరీలా పొంగుతుంది. వెన్న రాసి ఆ పెంక మీదికి జారవిడిస్తే పది పన్నెండు నిమిషాల్లో అడుగు కరకరలాడుతుంది. ఆ కరకర కోసమైతే ఈ ఓవెన్‌ను మళ్లీ కొంటాను.

రొట్టె పూర్తిగా చల్లారాక, రాత్రే గుడ్డలో మూటకట్టి వేలాడదీసిన పెరుగులో చక్కెర పొడి, యాలకుల పొడి కలిపి రాస్తాను. పైన సీతాఫలం, దానిమ్మ గింజలు. సీతాఫలాన్ని జల్లెడలో రుద్దితే జావైపోతుంది. ఒక్కో తొనను వేళ్లతో చీల్చి గింజను బయటికి నొక్కితేనే తొన తొనలా నిలుస్తుంది. నాకంత ఓపిక లేదు, అత్తమ్మ టీవీ చూస్తూ గిన్నెడు తీసిపెడుతుంది. పచ్చి అనాసపండు మాత్రం పెరుగు మీద వేయొద్దు, కాసేపట్లోనే పెరుగు నీళ్లొదిలి చేదవుతుంది. ఉడికించి వేస్తే ఏమీ కాదు.

కొనేవాళ్లు కరెంటు సంగతి కూడా చూసుకోండి. ఇది దాదాపు 1,300 వాట్లు లాగుతుంది, పెద్ద సాకెట్ ఉండాలి. మా ఇన్వర్టర్ మీద నడవదు. సద్దుల బతుకమ్మ రోజు రొట్టె లోపల ఉండగానే కరెంటు పోయింది. పెంకను పట్టుకారుతో తీసి గ్యాస్ మీద పెట్టి, పైన గిన్నె బోర్లించి సన్నమంట మీద కాల్చాం. అడుగు బాగానే వచ్చింది. పైన రంగు రాలేదు గానీ పెరుగు రాశాక ఎవరికి కనపడుతుంది?

"మరి గా డబ్బ ఎందుకు కొన్నట్టు?" అన్నది అత్తమ్మ, రెండో ముక్క తీసుకుంటూ.