హాలోవీన్ కార్డు కిట్ కొంటున్నారా? పెట్టె వచ్చిన రోజే తూకం వేసి చూడండి

ఆన్‌లైన్‌లో ‘మిక్స్‌డ్ మీడియా హాలోవీన్ కార్డ్ కిట్’ (రంగులు, ఇంకు, ముద్రలు కలిపి కార్డులు చేసే సామాన్ల పెట్టె) అంటే నమ్మి 46 డాలర్లు పోసి కొన్నాను. నిండా మునిగాను. మీ పిల్లల కోసం మీరూ ఇలాంటిదే వెతుకుతుంటే డబ్బు కట్టే ముందు ఇది చదవండి.

మేముండేది డాలస్ దగ్గర. 2024లో దీపావళీ హాలోవీనూ ఒకే రోజు, అక్టోబర్ 31న వచ్చాయి కదా. ఆ ఏడు మా అమ్మాయి ప్రమిద పక్కన గుమ్మడికాయ పెట్టి కార్డు గీసి మా వీధిలో అందరికీ పంచింది. వాళ్లు మెచ్చుకునేసరికి ఇక ఏటా చేయాల్సిందేనని ఒకటే పట్టు. (నెల్లూరు నుంచి మా అమ్మ మాత్రం "దయ్యాల పండక్కి శుభాకాంక్షలేంటే!" అని ఇప్పటికీ నవ్వుతుంది.) ఈసారి పన్నెండు కార్డులు చేయాలి, సామాన్లు విడివిడిగా ఎక్కడ వెతుకుతాం అని కిట్ వైపు వెళ్లాను.

అమ్మకం పేజీలో మాటలన్నీ సరిగ్గానే ఉన్నాయి. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) వాటర్‌కలర్ పేపర్, తెల్ల జెస్సో, ఫోటోపాలిమర్ (ఇంకు చక్కగా పట్టే పారదర్శక ప్లాస్టిక్ లాంటిది) ముద్ర స్టాంపులు, ఎంబాసింగ్ ఇంకు, పౌడర్, పోస్టుకు సిద్ధంగా కవర్లు. పని తెలిసినవాళ్లు రాసినట్టే ఉంది, అందుకే అనుమానం రాలేదు. పెట్టె సెప్టెంబర్‌లోనే వచ్చింది. పైపైన చూసి, లెక్క సరిపోయిందిలే అని అల్మారాలో పెట్టేశాను. మళ్లీ తీసింది అక్టోబర్ రెండో శనివారం. వాపసు గడువేమో 14 రోజులే.

జెస్సో అంటే అక్రిలిక్‌లో సుద్ద కలిపిన పూత. ఆరితే గరుకుగా నిలబడుతుంది, మళ్లీ నీళ్లకు కరగదు. దాని మీద నారింజ, ఊదా రంగులు పల్చగా పారిస్తే సాయంత్రం ఆకాశంలా వస్తుంది. మాది రాత్రంతా ఆరబెట్టినా, తడి కుంచె తగలగానే పాలలా కరిగి రంగులో కలిసిపోయింది. ఆకాశం కాస్తా పాలెక్కువైన టీ అయింది. తడి గుడ్డతో రుద్దితే గుడ్డంతా తెలుపే. అది జెస్సో కాదు, పోస్టర్ కలర్ లాంటిదేదో. కాగితమైతే వేయించిన అప్పడంలా వంకర్లు తిరిగింది.

అప్పుడు వంటింట్లో పిండి తూచే త్రాసు తీశాను. ఎనిమిదిన్నర బై పదకొండు ఇంచీల కాగితం నిజంగా 300 జీఎస్ఎం అయితే ఒక్కోటి 18 గ్రాములు తూగాలి, పది కలిపితే 181. మా పది కాగితాలు 98 గ్రాములు. అంటే సుమారు 160 జీఎస్ఎం అన్నమాట, చెప్పినదాంట్లో సగం కంటే కాస్త ఎక్కువ. ఈ పని పెట్టె విప్పిన రోజే చేసి ఉంటే రెండు నిమిషాల్లో తేలిపోయేది.

స్టాంపులు కూడా ఫోటోపాలిమర్ కావు, సిలికాన్. ఇంకు అద్దితే తామరాకు మీద నీళ్లలా పూసలు కట్టింది. గబ్బిలం రెక్కల నిండా చిల్లులు పడ్డాయి. ఇక ఎంబాసింగ్, అంటే ముద్ర ఉబ్బెత్తుగా వచ్చేలా చేయడం. దానికి నెమ్మదిగా ఆరే ఇంకు కావాలి, అప్పుడే పౌడర్ అంటుకుంటుంది, హీట్ గన్ వేడికి కరిగి ఉబ్బుతుంది. వీళ్లిచ్చిన ప్యాడ్‌తో ముద్ర వేసి పౌడర్ చల్లేలోపే ఆరిపోయింది. కాగితం దులిపితే మొత్తం రాలిపోయింది. నా దగ్గరున్న పాత ఎంబాసింగ్ ప్యాడ్‌తో అదే పౌడర్ శుభ్రంగా అంటుకుంది, కాబట్టి తప్పు ప్యాడ్‌దే.

కవర్లు చతురస్రంగా ఉన్నాయి. అలాంటివి ఇక్కడి పోస్టాఫీసు యంత్రాల్లో వెళ్లవు, మామూలు స్టాంపు మీద అదనంగా కట్టాలి.

నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది వేరే. అమెరికాలో అమ్మే రంగులు, జిగుర్ల లాంటి ఆర్ట్ సామాన్ల మీద ఏఎస్‌టీఎం డీ-4236 (ఆరోగ్యానికి హాని చేసేవి ఉంటే లేబుల్ మీద చెప్పాలనే ప్రమాణం) ప్రకారం ఉన్నట్టు రాసి ఉండాలి. ఈ సీసాల మీద అది లేదు, తయారుచేసినవాళ్ల పేరూ లేదు. పిల్లలు వేళ్లతో పూసేవి ఇవి! అన్నీ తీసి పక్కన పడేశాను.

అమ్మినవాళ్లకు త్రాసు మీద కాగితాల ఫోటోలు పంపాను. ముందు 15 శాతం ఇస్తామన్నారు. ఒప్పుకోకపోతే, మీ ఖర్చుతో విదేశానికి వాపసు పంపండి అన్నారు. ఆ తర్వాత రెండు వారాలు ఆగమన్నారు. ఈ ఆగమనడం దగ్గరే జాగ్రత్త. క్రెడిట్ కార్డు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయడానికి, ఆ ఖర్చు కనిపించిన మొదటి స్టేట్‌మెంట్ పంపిన రోజు నుంచి 60 రోజులే గడువు. వాళ్లు ఆగమన్న కొద్దీ అది కరిగిపోతుంటుంది. నేను ఆగలేదు, ఫోటోలు జతచేసి డిస్ప్యూట్ వేశాను. ఇంకా తేలలేదు.

పన్నెండు కార్డులూ చివరికి దగ్గర్లోని క్రాఫ్ట్ షాపులో విడి కాగితాలు, చిన్న జెస్సో డబ్బా కొని చేశాం. ఆ సిలికాన్ గబ్బిలాన్ని మా అమ్మాయి వంటింటి కిటికీ అద్దానికి అతికించింది. అక్కడ మాత్రం ఊడకుండా ఉంది.