స్టాక్, చైన్, పోకెమాన్ పద్ధతి: కార్డులు తలపడినప్పుడు ఏది మేలు?

ట్రేడింగ్ కార్డ్ ఆటల్లో తగాదాలు చాలావరకు ఒకే ప్రశ్న దగ్గర మొదలవుతాయి: నా కార్డు ముందా, నీ కార్డు ముందా? మ్యాజిక్: ద గ్యాదరింగ్, యూ-గి-ఓ, పోకెమాన్ ఈ ప్రశ్నకు మూడు వేర్వేరు జవాబులు ఇస్తాయి. కార్డు మీది వాక్యాలు చదివి, బల్ల మీది పరిస్థితి చూసి, ఎవరినీ అడగకుండా ఫలితం తేల్చుకోగలగాలి. నియమం మంచిదా కాదా అన్నదానికి నా కొలబద్ద ఇదే. దాని ప్రకారం నా ఓటు మ్యాజిక్ వాడే స్టాక్‌కు, అంటే వేసిన కార్డుల దొంతరకు. అయితే ఒకచోట అది పోకెమాన్ చేతిలో ఓడిపోతుంది.

మ్యాజిక్ 1993లో వచ్చినా, స్టాక్ వచ్చింది 1999లో, సిక్స్త్ ఎడిషన్ నియమాలతో. వేసిన మంత్రం వెంటనే ఫలించదు, దొంతర మీదికి చేరుతుంది. దానికి బదులుగా ఎవరైనా ఇంకోటి వేస్తే అది పైన కూర్చుంటుంది. ఇద్దరూ ఇక చాలన్నాక పైనున్నది ముందు ఫలిస్తుంది. మీ దగ్గర 2/2 గ్రిజ్లీ బేర్స్ అనే ఎలుగుబంటి ప్రాణి ఉందనుకోండి (మొదటి అంకె దాని బలం, రెండోది ఓర్పు, ఓర్పు ఎంతో అన్ని దెబ్బలు పడితే చస్తుంది). ప్రత్యర్థి దాని మీద 3 దెబ్బల లైట్నింగ్ బోల్ట్ వేస్తే, బదులుగా మీరు +3/+3 ఇచ్చే జయంట్ గ్రోత్ వేస్తారు. గ్రోత్ ముందు ఫలించి ఎలుగుబంటి 5/5 అవుతుంది, మూడు దెబ్బలు తట్టుకుంటుంది. అదే మీరు తొందరపడి గ్రోత్ ముందు వేస్తే, బదులుగా వచ్చిన బోల్ట్ ఎలుగుబంటిని చంపేస్తుంది. లక్ష్యమే లేని గ్రోత్ వృథా అవుతుంది. అవే రెండు కార్డులు, అదే ప్రాణి. తేడా అంతా ఎవరు ఓపిక పట్టారన్నదే. ఇంత చిన్న నియమం నుంచి ఇంత లోతు పుట్టడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

యూ-గి-ఓ చైన్ కూడా చూడటానికి అలాగే ఉంటుంది. గొలుసులో చేరే ప్రతి ప్రభావమూ ఒక లింకు, చివర చేరిన లింకు ముందు ఫలిస్తుంది. కానీ ఒకసారి ఫలించడం మొదలయ్యాక మధ్యలో ఎవరూ కొత్త లింకు చేర్చకూడదు. మ్యాజిక్‌లో పైనున్నది ఫలించిన ప్రతిసారీ ఇద్దరికీ మళ్లీ అవకాశం వస్తుంది. ఈ ఒక్క తేడా చాలా మారుస్తుంది. మ్యాజిక్‌లో బోల్ట్‌కు బదులుగా ఆప్ట్ వేసి కార్డు తీశారు, చేతికి జయంట్ గ్రోత్ వచ్చింది. బోల్ట్ ఇంకా కిందే ఉంది కాబట్టి ఆ గ్రోత్‌తోనే ఎలుగుబంటిని కాపాడుకోవచ్చు. యూ-గి-ఓలో రెండో లింకుగా జార్ ఆఫ్ గ్రీడ్ వేసి కార్డు తీస్తే, మొదటి లింకు కూడా ఫలించేదాకా దాన్ని చేతిలో పట్టుకుని చూస్తూ ఉండాల్సిందే.

ఇది లోపమని అనను. గొలుసు పూర్తయ్యాక వెనక్కి పోయే దారి లేదు కనుక, ప్రతి లింకూ చివరిదాకా లెక్కవేసి వేయాలి. స్పెల్ స్పీడ్, అంటే కార్డు రకాన్ని బట్టి ఉండే 1 నుంచి 3 దాకా వేగం, మరో మంచి ఏర్పాటు. స్పీడ్ 1 కార్డుతో దేనికీ బదులివ్వలేరు, స్పీడ్ 3 కౌంటర్ ట్రాప్‌కు (ఎదుటి ఎత్తుకు అడ్డుపడే ఉచ్చు కార్డు) మరో కౌంటర్ ట్రాప్ తప్ప బదులు లేదు. ఎవరు దేనికి అడ్డుపడగలరో కార్డు రకం చూస్తేనే తెలిసిపోతుంది.

నాకు మింగుడుపడనిది టైమింగ్ తప్పిపోవడం. పీటెన్ ద డార్క్ క్లౌన్ అనే మాన్‌స్టర్ కార్డు గ్రేవ్‌యార్డ్‌కు (ఆటలోంచి పోయిన కార్డుల గుట్టకు) వెళ్లినప్పుడు దాన్ని అక్కణ్నుంచి బహిష్కరించి, చేతిలోంచో డెక్‌లోంచో మరో పీటెన్‌ను రప్పించుకోవచ్చు. కానీ పీటెన్‌ను బలిచ్చి పెద్ద మాన్‌స్టర్‌ను పిలిస్తే ఆ అవకాశం పోతుంది. గ్రేవ్‌యార్డ్‌కు చేరడం చివరి సంఘటన కాదు, దాని తర్వాత పిలుపు జరిగింది కాబట్టి. ఐచ్ఛిక ప్రభావం 'వెన్' అని మొదలైతే ఇలా తప్పిపోవచ్చు, 'ఇఫ్' అని మొదలైతే తప్పిపోదు. ఒక్క చిన్న పదం మీద ఆట గెలుపోటములు వేలాడటం న్యాయం కాదని నా గట్టి అభిప్రాయం. మ్యాజిక్‌లో ట్రిగ్గర్ (ఏదైనా జరగగానే దానంతటదే మొదలయ్యే ప్రభావం) మోగితే మోగినట్టే. జరుగుతున్నది ముగిశాక అది స్టాక్ మీదికి వచ్చి తీరుతుంది. ఒకేసారి చాలా మోగితే వంతు ఎవరిదో వారివి ముందు పేరుస్తారు కనుక ఎదుటివారివి ముందు ఫలిస్తాయి.

కొత్తవారు రెండు ఆటల్లోనూ తడబడే చోటు ఒకటుంది. ఎబిలిటీ (కార్డు మీద రాసిన ప్రత్యేక శక్తి) వాడిన ప్రాణిని బదులుగా చంపేస్తే ఎబిలిటీ కూడా ఆగిపోతుందనుకుంటారు. మ్యాజిక్‌లో ఆగదు, ప్రాణి పోయినా ఎబిలిటీ స్టాక్ మీద నిలిచే ఉంటుంది. యూ-గి-ఓలోనూ మామూలు ట్రాప్‌ను మిస్టికల్ స్పేస్ టైఫూన్‌తో పగలగొడితే కార్డు పోతుంది కానీ ప్రభావం పోదు. నిరంతరం పనిచేసే కంటిన్యువస్ ట్రాప్ అయితే మాత్రం బల్ల మీద ఉండి తీరాలి.

ఇక అసలు పరీక్ష, ఇతర కార్డుల నోరు మూయించే కార్డులు. ఇక్కడే నా స్టాక్ అభిమానానికి గండి పడుతుంది, ఎందుకంటే నిరంతరం పనిచేసే ప్రభావాల విషయంలో స్టాక్ ఏమీ తేల్చలేదు. మ్యాజిక్‌లో హ్యుమిలిటీ అనే ఎన్‌చాంట్‌మెంట్ (బల్ల మీద నిలిచి ఉండే మంత్రం) ప్రాణులన్నిటి ఎబిలిటీలూ తీసేసి వాటిని 1/1 చేస్తుంది. ఓపలెసెన్స్ అనేది, ఆరాలు (వేరే దానికి తగిలించే ఎన్‌చాంట్‌మెంట్లు) కాని ఇతర ఎన్‌చాంట్‌మెంట్లను వాటి మనా విలువంత, అంటే వేయడానికయ్యే ఖర్చంత, బలమున్న ప్రాణులుగా మారుస్తుంది. రెండూ బల్ల మీద ఉంటే హ్యుమిలిటీ తానే ప్రాణి అయి తన ఎబిలిటీని తానే పోగొట్టుకుంటుంది. మరి అప్పుడు అది పనిచేస్తుందా? జవాబు ఏడు లేయర్ల నియమంలో, అంటే నిరంతర ప్రభావాలను మెట్టు మెట్టుగా లెక్కించే వరుసలో, ఉంది. ఎబిలిటీలు పోయేది ఆరో లేయర్లో, బలం మారేది ఏడో లేయర్లో. ఆరులో మొదలైన ప్రభావం ఏడులోనూ కొనసాగుతుంది. హ్యుమిలిటీ తర్వాత వచ్చినదైతే దాని బలం 1/1, ఓపలెసెన్స్ తర్వాత వచ్చినదైతే 4/4. తర్కం నిక్కచ్చిగానే ఉంది. కానీ కార్డుల మీద ఇందులో ఒక్క ముక్కా లేదు, నియమాల పుస్తకం తెరవాల్సిందే.

యూ-గి-ఓలో ఈ పని స్కిల్ డ్రెయిన్ చేస్తుంది, బల్ల మీద తెరిచి ఉన్న మాన్‌స్టర్ల ప్రభావాలను చెల్లకుండా చేస్తుంది. అయినా ఎక్సైల్డ్ ఫోర్స్ తన పని తాను చేసుకుపోతుంది. తనను తాను బలివ్వడమే దాని మూల్యం, ప్రభావం ఫలించే వేళకు అది బల్ల మీద ఉండదు. 2011 నుంచి ఆ కార్డులు పాటిస్తున్న రాతపద్ధతిలో కోలన్‌కు ముందు షరతు, సెమీకోలన్‌కు ముందు మూల్యమూ లక్ష్యమూ, తర్వాత ప్రభావం ఉంటాయి. కార్డు చదివితేనే జవాబు దొరుకుతుంది.

పోకెమాన్ మరీ సూటిగా ఉంటుంది. గార్బోడర్ అనే పోకెమాన్‌కు టూల్ (పరికరం) కార్డు తగిలిస్తే దాని గార్బోటాక్సిన్ అనే ఎబిలిటీ అన్ని పోకెమాన్ల ఎబిలిటీలనూ తీసేస్తుంది, 'గార్బోటాక్సిన్ తప్ప' అని కార్డు మీదే రాసి ఉంటుంది. తనను తాను మింగేస్తుందా అన్న ప్రశ్నకే తావు లేదు. మ్యాజిక్ లేయర్లతో విప్పిన చిక్కుముడిని పోకెమాన్ రెండు మాటలతో అసలు పడనివ్వలేదు. ఈ విషయంలో అది మొదటిది, యూ-గి-ఓ రెండోది, మ్యాజిక్ చివరిది.

అలాగని పోకెమాన్‌కే మొగ్గలేను. అందులో ఎదుటివారి వంతులో చేతిలోంచి కార్డు వేసి అడ్డుకునే వీలు లేదు, దాడి చేస్తే వంతు ముగుస్తుంది. తగాదాలు తక్కువ, నిజమే. కానీ చేతిలో గ్రోత్ ఉందో లేదో తెలియనివ్వకుండా ఎలుగుబంటిని ముందుకు నడిపించే సాహసం కూడా అక్కడ లేదు. చిన్నపిల్లలతోనో, మొదటిసారి కార్డులు పట్టినవారితోనో ఆడాలంటే పోకెమాన్ తీసుకోండి. మొత్తం ఎత్తును ముందే లెక్కగట్టి ఒక్కసారిగా దింపడం ఇష్టమైతే యూ-గి-ఓ ఆడండి, కానీ డెక్ పేర్చేటప్పుడే ప్రతి ఐచ్ఛిక ప్రభావం 'వెన్' తో మొదలవుతోందో 'ఇఫ్' తో మొదలవుతోందో విడిగా రాసిపెట్టుకోండి. ప్రతి అడుగులోనూ ఎదుటివారి మనసు చదవాలనుకుంటే మ్యాజిక్ నేర్చుకోండి. లేయర్లను మొదటి ఏడాది పట్టించుకోకపోయినా ఫర్వాలేదు, అవి అడ్డొచ్చే కార్డులు అంత తరచుగా ఎదురుకావు.